గిలకలో రెండు గింజలు

భాకరాపేట చెక్‌పోస్టులో సంచీ విప్పమన్నారు.
ఎర్రచందనం చెక్కలుంటాయనుకున్నారేమో,
అట్టల మధ్య పాత పేపర్లు, పేపర్ల మధ్య
అణిగిపోయిన ఓ గిలిగిచ్చ కొమ్మ.
"దీనికా మేడమ్, నాలుగు రోజులు కొండెక్కింది?"
దీనికే.

తలకోన పైన, జలపాతం తుంపర ఇక చాలనుకుని ఆగిపోయే చోట
రాతి నెర్రెలో మోకాలెత్తు కూడా లేదు.
ముందు నడుస్తున్న పోలమ్మ దాన్ని దాటేసింది.
నేనూ దాటేసేదాన్నే,
చున్నీ తగిలి ఎండుకాయ పలక్కపోతే.
గిలిగిచ్చ అన్నాక గలగలమనాలి.
ఇది టిక్కుమంది. ఆగి, మళ్లీ టిక్కుమంది.

"దీన్నేమంటారు పోలమ్మా, మీలో?"
"ఏమీ అనం.
మేక మేయదు, మనిషి తినడు,
పాము కాటుకూ కడుపు నొప్పికీ పనికిరాదు.
దానికి పేరెవురు పెడతారమ్మా?"
ఐదేళ్లుగా నేను చదివిన వర్గీకరణ శాస్త్రమంతా
ఆ ఒక్క మాట ముందు చెప్పులు విడిచి నిలబడింది.

తిరుపతిలో, డిపార్ట్‌మెంట్ మేడ మీద
ఫ్యాన్ ఆపి, చెమటలో,
లెన్సు కింద లెక్క మొదలుపెట్టాను.
ధ్వజం పసుపు. బాహువులు పసుపు.
ద్రోణి కొస ఒకటిన్నర మెలిక.
కాయ నిండా నూగు; దీని అక్క జాతికి నున్నన.
గింజలు రెండే; అక్కకి పది.
శబ్దం రాయడానికి ఫారంలో గడి లేదు.

సార్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"నూగు వానను బట్టి మారుతుందమ్మా,
కరువొస్తే గింజలూ తగ్గుతాయి" అన్నాడు.
అందుకని ఆకునే అడిగాం.
నీలం సిలికా గుళికల్లో ఎండబెట్టాం,
దాని తడి తాగి గుళికలు గులాబీకి తిరిగాయి.
పొగలు కక్కే నైట్రోజన్‌లో నూరాం.
మొదటిసారి జెల్‌లో ఏమీ లేదు.
రెండోసారి వట్టి జిగురు.
మూడోసారి, కరెంటు పోయి వచ్చాక,
అతినీల వెలుగులో ఓ గీత,
బొట్టుపుల్లతో దిద్దినంత సన్నం.

యాభై ఆరు అక్షరాలు పలక మీద దిద్దినదాన్ని
నాలుగక్షరాల భాష ముందు కూర్చున్నాను.
ఏ టీ టీ జీ సీ ఏ...
ఆరువందల పైచిలుకులో అక్కకీ దీనికీ
పద్నాలుగు చోట్ల తేడా.
అచ్చుతప్పులేమో చూడమన్నాడు సార్.
అదే బండ మీది ఇంకో మూడు మొక్కల్లోనూ
అవే పద్నాలుగు.

ఆ తర్వాత హెర్బేరియంలో, కలరా ఉండల వాసనలో
అక్క జాతి ఫోల్డరు తిరగేస్తుంటే
అడుగున దొరికింది:
వజ్రవేలు, తలకోన, పంతొమ్మిది వందల ఎనభై మూడు.
"పూలు రాలిపోయాయి. రంగు చూడలేదు" అని
నిజాయితీగా ఓ ముక్క.
పేరు చివర పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం.
కాగితం పొట్లంలో ఒకే ఒక కాయ.
చుట్టూ ఎవరూ లేరు కదా అని
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
నలభై ఏళ్ల కింది టిక్కు.

ఎవరీయన అంటే ఎవరూ చెప్పలేకపోయారు.
ఒక్క ఏడాదే ఉన్నాడట,
తర్వాత చిత్తూరులో
పాల డెయిరీలో లెక్కలు రాసుకున్నాడట.

కొత్త పేరు నిలబడాలంటే ఒక మొక్కను కోసి చూపించాలి.
ఆ నెర్రెల్లో నాకు కనబడినవి పదిహేడు.
అదే పేజీలో, కింద, పదహారు అని రాసి ఉంది.

ఇవాళ ఆయన షీటు మీద కొత్త చీటీ అంటించాను.
పాత రాత చెరపకూడదని రూలు. చెరపలేదు.
లాటిన్ పేరు, నా పొడి అక్షరాలు, తేదీ,
పక్కనే ఆయన ప్రశ్నార్థకం.
జిగురు ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుని ఉంటే
పోలమ్మ ఫోను:
"ఆ టిక్కు చెట్టు కాడ ఇంకో రెండు మొలిచినాయమ్మా."
"ఏ చెట్టు?" అన్నాను,
తెలిసి కూడా,
ఆ మాట ఇంకోసారి అనిపించుకోడానికి.